దెయ్యాల పెట్టె దాచే ముందు

భయం కథతో జియోక్యాష్, అంటే జీపీఎస్ పట్టుకుని వెతికే ఆట పెట్టె, పెట్టొచ్చా, అది పద్ధతేనా అని మా వైపు కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు. పెట్టొచ్చు. కాకపోతే ఆ భయం ఆడటానికి వచ్చినవాళ్లకే అందాలి. మేకలు కాసే పిల్లాడికి, కట్టెలకి వెళ్లిన ఆవిడకి, ఇప్పపువ్వు ఏరుకునే ముసలమ్మకి అది తగలకూడదు. పట్నంలో కూర్చుని ఆలోచిస్తే చిన్న షరతే అనిపిస్తుంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి కొండల్లో మాత్రం అసలు కష్టమంతా దాన్ని నిలబెట్టుకోవడంలోనే ఉంది.

మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొండ మీద పని పడితే వచ్చీరాని కువి, అంటే కోందు గిరిజనుల భాష. భూముల సర్వే నా బతుకుతెరువు. రోజంతా జీపీఎస్ పట్టుకుని తిరిగేవాణ్ని కాబట్టి ఈ ఆట తొందరగానే అబ్బింది. దీన్ని ఇష్టపడేవాడిగానే ఇది రాస్తున్నాను. మన జిల్లాల్లో ఈ పెట్టెలు చాలా అరుదు. ఉన్న కొద్దిపాటివి ఊళ్లలో మంచిపేరు తెచ్చుకోవాలని నా కోరిక.

కొత్తవాళ్ల కోసం ఆట గురించి కొంచెం. పౌరులు వాడే జీపీఎస్ సిగ్నల్‌లో అమెరికా ప్రభుత్వం కావాలని కలుపుతూ వచ్చిన లోపాన్ని 2000 మే మొదట్లో తీసేసింది. ఆ వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్ దాచి దాని కోఆర్డినేట్లు (అక్షాంశ రేఖాంశాలు) అందరికీ చెప్పాడు. అక్కడ మొదలైంది ఈ ఆట. పెట్టె దాచినవాళ్లు దాని చోటు, కథ, కష్టం ఎంతో చెబుతూ జియోక్యాషింగ్ డాట్ కామ్‌లో పేజీ పెడతారు. వెతికినవాళ్లు లోపలి నోటుపుస్తకంలో పేరు రాసి, పెట్టెని ఎక్కడిదక్కడ పెట్టేస్తారు. కొత్త పేజీని ముందు ఒక వాలంటీర్ రివ్యూయర్ చూసి ఒప్పుకోవాలి. రెండు పెట్టెల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలి. స్థలం సొంతదారు ప్రత్యేకంగా ఒప్పుకోనిదే నేల తవ్వకూడదు. తిండి, మందు సీసాలు, ఆయుధాలు, పేలేవి లోపల పెట్టకూడదు. స్థలం ఎవరిదో వాళ్ల అనుమతి ఉండాలి. పెట్టినవాళ్లే దాని బాగోగులు చూసుకోవాలి.

అమెరికా, ఐరోపాల్లో భయం పెట్టెలకి కొదవలేదు. హాలోవీన్ రోజుల్లో రబ్బరు చేతులు, ప్లాస్టిక్ ఎముకలు, సాలీళ్లు పెడతారు. అమెరికాలో సమాధుల తోటల్లో ఒప్పుకున్న చోట పెట్టెలు దాచడం మామూలే. జనం పార్కులో తిరిగినట్టు అక్కడ తిరిగి రాతిపలకలు చదువుకుంటారు. వాళ్ల అలవాటు వాళ్లది, దాన్ని నేను తప్పుపట్టను. అదే పద్ధతిని ఇక్కడికి తెస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

పోయిన ఏడు తొలకరికి ముందు ఒక కొండపల్లెలో పట్టా భూములు కొలుస్తున్నాను. ఊరి పేరు చెప్పను. సెలవులకి వచ్చినవాళ్లెవరో వాగు పక్కన చింతచెట్టు తొర్రలో ఒక నల్ల డబ్బా పెట్టి వెళ్లిపోయారు. లోపల గుడ్డతో కుట్టిన బొమ్మ ఉంది. తలకి నిజం వెంట్రుకలు అంటించారు. పొట్టలో గుండుసూదులు దిగేసి ఉన్నాయి, నుదుట ఎర్ర రంగు. అడుగున చిన్న నోటుపుస్తకం, అందులో ఇంగ్లీషులో రెండు లైన్లు. మేకలు కాసే పిల్లాడు దాన్ని తీసి ఊళ్లోకి తెచ్చాడు. అదే వారం ఆ ఊళ్లో ఒక పసిబిడ్డకి జ్వరం వచ్చి ఎంతకీ తగ్గట్లేదు. సాయంత్రానికి ఇది చేతబడేనన్న మాట పుట్టింది. చీకటి పడేసరికి ఆ మాట ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ మీదికి వెళ్లింది.

నేను వెళ్లేసరికి బొమ్మ వీధి మధ్యలో నేల మీద ఉంది. ఎవరూ చేత్తో తాకట్లేదు. ఒకాయన వేపకొమ్మతో దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఊరు ఊరంతా చేరినా గట్టిగా మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు. నాకు టెన్షన్ పుట్టించింది ఆ మెల్లటి మాటలే. డబ్బాలోంచి నోటుపుస్తకం తీసి ఊరి పెద్ద చేతికిచ్చాను. సిగ్నల్ దొరికే గట్టు మీదికి ఆయన్ని, ఇంకో ఇద్దర్ని తీసుకెళ్లి ఫోన్‌లో ఆ పెట్టె పేజీ వెతికి, మ్యాపులో చింతచెట్టు మీద పెట్టిన గుర్తు చూపించాను. పట్నం పిల్లలు ఆడుకునే ఆట ఇది, అన్ని దేశాల్లోనూ ఉంది అని నాకొచ్చిన కువిలో, రానిచోట ఒడియాలో చెప్పాను. కొందరు నమ్మారు, కొందరు నా మొహమే చూస్తూ ఉండిపోయారు. ఇంతలో ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ కిట్ పట్టుకొచ్చి బిడ్డ వేలు పొడిచి రక్తపు చుక్క వేసింది. కాసేపటికి రెండో గీత తేలింది. మలేరియా. ఆ గీత నా మాటలన్నిటికన్నా బాగా పనిచేసింది. అయినా ఆ రాత్రి ఆశా దీదీ, వార్డు మెంబరు ముసలమ్మ ఇంట్లోనే పడుకున్నారు. ఎవరూ ఆమె జోలికి రాలేదు. కానీ తరువాత చాలా రోజులు ఆవిడ బోరింగు దగ్గరికి అందరూ వెళ్లిపోయాకే వెళ్లేదని దీదీ చెప్పింది.

చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న అనుమానంతో మా కొండల్లో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు ఉన్నాయి. మంత్రగత్తె అని ముద్రవేసి హింసించడాన్ని నేరం చేస్తూ ఒడిశా 2013లో ప్రత్యేకంగా చట్టమే తేవాల్సి వచ్చింది. మహారాష్ట్రలోనూ చేతబడి, నరబలి లాంటివాటి మీద చట్టం వచ్చింది అదే ఏడాది. కాబట్టి సిరోంచా, ధర్మాబాద్ వైపు తెలుగువాళ్లు ఇది ఒడిశా గొడవ అనుకోవద్దు. బాణామతి అన్నా, చిల్లంగి అన్నా చివరికి దెబ్బలు తినేది ఒంటరి ఆడమనిషే.

అందుకే పెట్టెలో మనిషి ఆకారం ఉన్న బొమ్మ వద్దు. వెంట్రుకలు, సూదులు, నిమ్మకాయలు, పసుపు కుంకుమ, నల్లదారం, గవ్వలు, బొగ్గు, పుర్రె, ఎముక, ఎర్ర రంగు పూసిన గుడ్డ, వీటిలో ఏదీ వద్దు. ప్లాస్టిక్‌వైనా, పేజీలో ముందే హెచ్చరించినా వద్దు. పేజీ చదివేది మన ఆటగాడు. డబ్బా దొరికేది ఎవరికో మన చేతుల్లో లేదు.

మరి భయం ఎక్కడ ఉండాలి? పేజీలో, కథలో, దారిలో. పెట్టె మాత్రం ఎవరు ఎప్పుడు తెరిచినా బడిపిల్లల జామెట్రీ బాక్సంత అమాయకంగా ఉండాలి. మీ థీమ్ మంచిదో కాదో నేను తేల్చేది ఇలాగే. లోపలి వస్తువు తీసేస్తే కథ చప్పబడిపోతోందంటే కథలో బలం లేదని అర్థం. కథని మళ్లీ రాయండి.

ఎవరి కథ వాడుకోవచ్చు

చావు ఉన్న ప్రతి థీమూ చెడ్డది కాదు. ఎవరి చావు, ఎంత దగ్గరిది, వాళ్లవాళ్లు ఇంకా ఆ చుట్టుపక్కల ఉన్నారా అన్నది చూడాలి.

బయటివాళ్లకి మా కొండల గురించి మొదట దొరికే కథ మెరియా. ఒకప్పుడు కోందుల్లో ఉన్న నరబలి ఆచారం అది. దాన్ని ఆపడానికి బ్రిటిష్‌వాళ్లు 1845లో మెరియా ఏజెన్సీ అని ప్రత్యేకంగా పెట్టారు. పేజీకి ఇంతకన్నా భయంకరమైన కథ దొరకదని చాలామంది అనుకుంటారు. దయచేసి ముట్టుకోవద్దు. ఆ కోందుల మనవలు, మునిమనవలు ఇప్పుడు రాయగడ కాలేజీలో చదువుతున్నారు, సంతలో అనాసలు, అల్లం అమ్ముతున్నారు. నరబలి ఆగిపోయి తరాలు గడిచినా వాళ్లకి ఆ ముద్ర ఇంకా తగులుతూనే ఉంది. సంతలో పక్కన నిలబడ్డ మనిషిని చూపించి ఇతని తాతలు మనుషుల్ని బలిచ్చారని చెప్పుకునే ఆటలో నాకు సరదా ఏమీ కనిపించదు. నియమగిరి కూడా అంతే. డోంగ్రియా కోందులకి ఆ కొండ నియమరాజు. 2013లో పన్నెండు ఊళ్ల గ్రామసభలు గనులు వద్దని తీర్మానం చేసి కాపాడుకున్న కొండ అది. దాని మీద దెయ్యం కథ అల్లడానికి మనమెవరం?

రెండోది, కొత్త గాయాలు. 2017 జనవరి 21 రాత్రి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రాయగడ దాటాక కూనేరు దగ్గర పట్టాలు తప్పింది. దాదాపు నలభై మంది పోయారు. దయ్యాల రైలు థీమ్ ఎవరికైనా ఊరిస్తుందని తెలుసు, కానీ ఆ లైను మీద ఎక్కడా పెట్టకండి. పట్టాల దగ్గర పెట్టడం ఎలాగూ ఆట నియమాలకి విరుద్ధం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానప్పుడు గజపతి జిల్లాలో కొండపక్కన తలదాచుకున్నవాళ్లు చరియలు విరిగిపడి చనిపోయారు. అలాంటి చోట్ల మరణం అన్న మాటే పేజీలోకి రాకూడదు. ఎన్నేళ్లు గడిస్తే ఫర్వాలేదు అని అడిగితే నా దగ్గర లెక్క లేదు. ఆ రోజు ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఆ దారిలో నడుస్తున్నంత కాలం అక్కడ ఆట వద్దంటాను.

మూడోది, నిలువురాళ్లు. గజపతి జిల్లా సవరపల్లెల్లో పోయినవాళ్ల కోసం గుఆర్ అనే కర్మ చేసి రాళ్లు నిలబెడతారు. చెట్టు నీడలో వరసగా, ఒక దాన్ని ఒకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. ఫొటోకి చాలా బాగుంటాయి. రాళ్ల సందులు చూడగానే క్యాష్ (ఆట పెట్టె) పెట్టేవాడికి చెయ్యి దురద పెడుతుంది, నాకూ తెలుసు. కానీ ఒక్కో రాయీ ఒక్కో మనిషి. ఆ సందులో చెయ్యి పెట్టి వెతకమని ఎవరికీ చెప్పకూడదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, ఆ భాషకి నిఘంటువు కూర్చారు. సవరల పక్కింట్లో తరాలుగా బతుకుతున్న తెలుగువాళ్లం, ఆ రాళ్లు ఏమిటో మనకి తెలియదని చెప్పుకోలేం.

శ్మశానాల సంగతి వేరే చెప్పక్కర్లేదు. నాగావళి ఒడ్డున చితి పెట్టే చోటైనా, ఊరవతల మరుభూమి అయినా, క్రైస్తవుల సమాధులైనా, గోరీలైనా వదిలేయండి.

ఇక వాడుకోదగ్గవి. నాకు అన్నిటికన్నా నచ్చింది విక్రమార్కుడు, బేతాళుడు. శవం, శ్మశానం, అర్ధరాత్రి అన్నీ ఉన్నాయి. తెలుగువాళ్లకీ ఒడియావాళ్లకీ చిన్నప్పటి నుంచి తెలిసిన కథ, దానివల్ల మనసు కష్టపెట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. పైగా అది ప్రశ్నతో ముగిసే కథ కాబట్టి మిస్టరీ క్యాష్‌కి, అంటే చిక్కు విప్పితేనే చోటు తెలిసే పెట్టెకి, అచ్చంగా సరిపోతుంది. ఇలా చేయొచ్చు. పేజీలో మీరే ఒక చిన్న కథ అల్లండి. రాజు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తున్నాడు, బేతాళుడు లెక్క అడిగాడు. కోరాపుట్ నుంచి రాయగడ జిల్లా విడిపడిన ఏడాది చివరి రెండు అంకెలు ఏవి? 1992 కాబట్టి 92. కోరాపుట్ సీమ మద్రాసు నుంచి ఒడిశాలోకి వచ్చిన ఏడాది? 1936 కాబట్టి 36. ఇలా వచ్చిన అంకెల్ని కోఆర్డినేట్ల చివరి స్థానాల్లో వేయమనండి. తప్పు జవాబు ఇచ్చినవాళ్లకి సమాధానం సరిచూసే పేజీలో ‘బేతాళుడు మళ్లీ చెట్టెక్కాడు’ అని కనిపించేలా పెట్టొచ్చు. పేజీలో మొదట చూపించే చోటుకీ అసలు పెట్టెకీ మధ్య దూరం 3.2 కిలోమీటర్లు దాటకూడదని నియమం ఉంది, చూసుకోండి. పెట్టెలో నోటుపుస్తకం, పెన్సిల్, పిల్లలు మార్చుకునే చిన్న చిన్న బొమ్మకార్లు, అంతే. శవం మాటల్లోనే ఉంటుంది.

స్మరణ కూడా మంచి థీమే. మథిలి ఘటన కేసులో 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీసిన స్వాతంత్ర్య సమరయోధుడు లక్ష్మణ్ నాయక్‌ని తలుచుకుంటూ కోరాపుట్ వైపు ఒక మల్టీ క్యాష్ చేయొచ్చు. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి నడిపిస్తూ ఆయన కథ చెప్పాలి. కాకపోతే అందులో ఉరితాడు బొమ్మ, నెత్తురు అక్షరాలు లాంటి హంగులు అస్సలు ఉండకూడదు. పేజీ ముందుగా ఆయన ఊరివాళ్లకి చదివి వినిపించండి. వాళ్లు తల ఊపితేనే ముందుకెళ్లండి.

దీపావళికి ఒడియావాళ్లు గోగుపుల్లలు వెలిగించి పితరుల్ని పిలిచి, వెలుగులో సాగనంపుతారు. మన ఇళ్లలో అదే సాయంత్రం పిల్లలు దిబ్బు దిబ్బు దీపావళి అంటూ కాగడాలు కొడతారు. పోయినవాళ్లు ఏడాదికోసారి ఇంటికొచ్చి వెళ్లే ఈ కథతో ఆటగాళ్లంతా కలిసే ఒక ఈవెంట్ పెడితే ఎంత బాగుంటుందో అని నాకెప్పటి నుంచో ఆశ.

కొరివి దెయ్యం, రేడియం స్టిక్కర్లు

రాత్రి క్యాష్‌కి కొరివి దెయ్యం కథ చక్కగా నప్పుతుంది. చీకట్లో గట్ల మీద నిప్పు ఎగురుతూ పోవడం, దాని వెంట వెళ్లినవాడు దారి తప్పడం మన తాతలు చెప్పిన కథే. దీనికి లారీల వెనక అంటించే రేడియం స్టిక్కర్ చాలు. ఆటోమొబైల్ షాపులో మీటర్ల లెక్కన అమ్ముతారు. వేలిగోరంత ముక్కలు కత్తిరించి కంచె గుంజలకి అంటించండి. చెట్లకి మేకులు కొట్టకండి. మనిషి నడుము ఎత్తులో, ఇరవై అడుగులకొకటి ఉంటే టార్చి కొట్టగానే వరసగా మెరుస్తాయి. తెల్ల ముక్క కనిపిస్తే తిన్నగా వెళ్లాలి, ఎర్ర ముక్క ఉన్నచోట మలుపు. పగలు చూస్తే అవి ఎవరి కంటికీ ఆనవు. టార్చి లేకపోతే రాత్రి కూడా కనిపించవు. భయం ఆడేవాడికే అందాలని మొదట చెప్పిన షరతు ఇందులో దానంతటదే తీరిపోతుంది.

దీన్ని మీ సొంత తోటలోనో, బాగా తెలిసినవాళ్ల తోటలోనో మాత్రమే పెట్టండి. అడవిలో రాత్రి ఆట వద్దే వద్దు. జీడి, పనస పండే రోజుల్లో, అంటే ఎండాకాలమంతా, పండ్ల కోసం ఎలుగుబంట్లు తోటల్లోకే వస్తాయి. ఆ నెలల్లో పేజీని ఆపేసి ఉంచండి. వానాకాలం కట్లపాములు తిరుగుతాయి. దసరా వెళ్లాక, చలి మొదలయ్యాక ఈ ఆటకి అనువైన కాలం. తోటమాలికి, కాపలావాళ్లకి ముందే చెప్పండి. రాత్రి తోటలో టార్చి తిరిగితే వాళ్లు దొంగ అనే అనుకుంటారు.

డబ్బా, చీటీ, అనుమతి

డబ్బా తప్పకుండా పారదర్శకంగా ఉండాలి. నాలుగు వైపులా క్లిప్పులు, మూతలో రబ్బరు వాషరు ఉన్న వంటింటి ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. మా వానలకి మామూలు మూత ఆగదు. నోటుపుస్తకాన్ని జిప్ కవర్లో వేయండి. సిరా చెమ్మకి పాకిపోతుంది, పెన్సిలే మేలు.

స్టీలు టిఫిన్ బాక్సు ఎన్నటికీ వాడొద్దు. మావోయిస్టుల టిఫిన్ బాంబుల వార్తలు వింటూ పెరిగిన జిల్లాలు మావి. కల్వర్టు కింద స్టీలు డబ్బా కనిపిస్తే ఇక్కడ ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన అదే. జవాన్లకి అంతకన్నా ముందు వస్తుంది. రెండు వైపులా మూతలున్న పీవీసీ పైపు, నల్ల టేపు, బయటికి కనిపించే వైరు, మిలిటరీ రంగు పెట్టెలు కూడా అంతే. అమెరికాలో తూటాల ఖాళీ పెట్టెల్ని ఇష్టంగా వాడతారు, మనకి పనికిరావు. ఇంగ్లండులో వెదర్‌బీ అనే ప్రశాంతమైన ఊళ్లోనే 2011లో కేఫ్ బయట దాచిన చిన్న క్యాష్‌ని బాంబనుకుని బాంబు స్క్వాడ్ పేల్చేసింది. కల్వర్టు, వంతెన, సెల్ టవర్, బడి, క్యాంపు దరిదాపుల్లో ఏ డబ్బా కూడా పెట్టకండి.

మూత మీద బయటికి కనిపించేలా చీటీ అంటించండి. ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో రాయాలి. నేను రాసేది ఇలా ఉంటుంది: ‘ఇది ఆట పెట్టె. ఇందులో డబ్బు లేదు, మందుమాకు లేదు, ప్రమాదం లేదు. తెరిచి చూడొచ్చు. చూశాక మూసి ఇక్కడే పెట్టండి. అనుమానం ఉంటే ఫోన్ చేయండి.’ కింద నా పేరు, ఊరు, నంబరు. చదువు రానివాళ్ల కోసం పక్కన పుస్తకంలో రాస్తున్న చెయ్యి బొమ్మ గీస్తాను. డబ్బు లేదన్న మాట వదిలేయకండి. లంకెబిందెల కోసం పాత గుళ్ల దగ్గర తవ్వే ముఠాల మీద ఊళ్లలో ఎప్పుడూ అనుమానం ఉంటుంది. ఆ లెక్కన గుప్తనిధి, బలి లాంటి థీమ్‌లు కూడా వద్దు.

అనుమతి సంగతికొస్తే, స్థలం సొంతదారు సరేనన్నాక సర్పంచ్‌కి, పోలీసు థానాలో ఐఐసి (ఇన్‌స్పెక్టర్ ఇన్ ఛార్జ్) గారికి ఒక కాగితం ఇవ్వండి. అందులో డబ్బా ఫొటో, చోటు, మీ నంబరు, ఆట గురించి ఐదు లైన్లు చాలు. రిజర్వు ఫారెస్టు అయితే అటవీశాఖ అనుమతి కావాలి, అది తేలిగ్గా రాదు, అందుకే నేను పట్టా భూముల్లోనే పెడతాను. అన్నిటికన్నా ముఖ్యం, దగ్గర్లోని ఊళ్లో ఆశా దీదీకో, అంగన్‌వాడీ దీదీకో డబ్బా తెరిచి చూపించండి. ఊళ్లో మాట పుడితే మొదట చేరేది వాళ్ల చెవికే.

కోఆర్డినేట్లు డిగ్రీలు, దశాంశ నిమిషాల్లో ఇవ్వాలి. నిమిషంలో మూడో దశాంశం అంటే ఉత్తర దక్షిణాల్లో 1.85 మీటర్లు. చింతతోపుల కింద ఫోన్ పది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో కొలిచి సగటు తీయండి. భయం థీమ్‌కి ఇది మరీ అవసరం. చోటు సరిగ్గా లేకపోతే వెతికేవాళ్లు పక్కవాళ్ల పొలంలో, పక్కవాళ్ల పెద్దల రాళ్ల మధ్య తచ్చాడతారు.

పేజీ రాసేటప్పుడు

మొదటి పేరాలోనే చెప్పేయండి: ఇది దెయ్యం కథ, చిన్నపిల్లలతో వస్తే ముందు మీరు చదువుకోండి, పెట్టెలో భయపెట్టే వస్తువు ఏదీ లేదు. కథ కల్పితమైతే కల్పితమని రాయండి. నిజం ఊరి పేరు, నిజం మనిషి పేరు కల్పిత దెయ్యానికి తగిలించకండి. ‘ఈ బావిలో ఒక కోడలు దూకింది’ అని మీరు సరదాకి రాసిన లైను ఆ బావి ఉన్న ఇంటి ఆడపిల్ల పెళ్లి సంబంధం దాకా వెళ్లగలదు.

హింట్ విషయంలో ఒక చిక్కు ఉంది. పేజీలో హింట్ పైకి కనిపించకుండా రాట్13 పద్ధతిలో అక్షరాలు మారుస్తారు. అది ఇంగ్లీషు అక్షరాల మీదే పనిచేస్తుంది. హింట్ తెలుగులో రాస్తే ఏ మార్పూ లేకుండా అందరికీ కనిపించిపోతుంది. కాబట్టి తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి.

పెట్టాక నెలకోసారైనా వెళ్లి చూడండి. ఆ ఊళ్లో చావు జరిగినా, పిల్లలకి జ్వరాలు తిరుగుతున్నా, తుపాను హెచ్చరిక వచ్చినా పేజీని టెంపరరీగా డిసేబుల్ చేసి డబ్బా ఇంటికి తెచ్చేసుకోండి. మళ్లీ పెట్టడానికి పది నిమిషాలు పట్టదు. సెలవులకి వచ్చి పెట్టి వెళ్లిపోయే డబ్బాల్ని రివ్యూయర్లు మామూలుగా ఒప్పుకోరు. స్థానికంగా చూసుకునే మనిషి ఉండాలంటారు. భయం థీమ్ అయితే ఆ మనిషి కబురందిన గంటలో అక్కడికి చేరగలగాలని నేనంటాను.

వేరేవాళ్లు పెట్టిన చెడ్డ డబ్బా మీ కంటపడితే ముందు ఫొటో తీయండి, లోపలున్నవన్నీ కనిపించేలా. సైటులోనే పెట్టినవాళ్లకి మర్యాదగా మెసేజ్ పెట్టి ఏది తీసేయాలో, ఎందుకో రాయండి. చాలామందికి తెలియకే పెడతారు, చెబితే తీసేస్తారు. వారంలో జవాబు రాకపోతే పేజీలో రివ్యూయర్ దృష్టికి తెచ్చే లాగ్ (నోట్) పెట్టి ఫొటోలు జతచేయండి. ఊళ్లో అప్పటికే మాట మొదలైపోతే మాత్రం వారం ఆగొద్దు. ఆ రోజే, వెలుతురు ఉండగానే, ఊరివాళ్లకి తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. డబ్బాని అందరి ముందు తెరిచి ఒక్కో వస్తువూ మీ చేత్తో తీసి చూపించండి, నోటుపుస్తకం చదివి వినిపించండి. అనుమానం ఎవరి మీదికైనా మళ్లిందని తెలిస్తే ఆశా దీదీకి, వార్డు మెంబరుకి చెప్పి, థానాకి ఫోన్ చేసి, ఆ మనిషి దగ్గర ఎవరో ఒకరు ఉండేలా చూశాకే అక్కడి నుంచి కదలండి. పెట్టినవాళ్లకి మెసేజ్ రాయడం ఆ తరువాత.